అడిక్‌మెట్‌లో ఫిజిక్స్ పాఠం భాష మారిన వేళ.. ఆ డిపార్ట్‌మెంట్‌ను చేతుల్లోకి తీసుకున్న తెలుగు ప్రొఫెసర్ ఎవరో తెలుసా?

జామై ఉస్మానియా స్టేషన్‌లో ఎంఎంటీఎస్ దిగేవాళ్లకైనా, అడిక్‌మెట్ ఫ్లైఓవర్ మీదుగా వెళ్లేవాళ్లకైనా ఉస్మానియా యూనివర్సిటీ అంటే ముందుగా గుర్తొచ్చేది ఆర్ట్స్ కాలేజీ భవనమే. దాని ముందు ఫొటో దిగని విద్యార్థి ఉండడు. కానీ ఇదే యూనివర్సిటీలో ఒకప్పుడు ఫిజిక్స్ పాఠం ఉర్దూలో చెప్పేవారని ఎంతమందికి తెలుసు? ఆ పాఠం ఉర్దూ నుంచి ఇంగ్లీషుకు మారిన రోజుల్లో డిపార్ట్‌మెంట్ బాధ్యత ఓ తెలుగు ప్రొఫెసర్ భుజాల మీద పడింది.

ఆయనే సూరి భగవంతం. సర్ సీవీ రామన్ శిష్యుడు. తర్వాత ఉస్మానియా వైస్ ఛాన్సలర్. ఆ తర్వాత బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ డైరెక్టర్. ఆపై రక్షణ మంత్రికి శాస్త్ర సలహాదారు. ఇన్ని పదవులు చేసిన మనిషి పేరు ఈ తరంలో చాలామంది విని ఉండరు. ఇంతకీ ఎవరీ భగవంతం? చదువు చెప్పే భాష అనే చిక్కు ఆయన కథలో ఎక్కడెక్కడ ఎదురైంది?

అగిరిపల్లి నుంచి నిజాం కాలేజీకి..

భగవంతం 1909 అక్టోబర్ 14న కృష్ణా జిల్లా అగిరిపల్లిలో పుట్టారు. నూజివీడుకు దగ్గర్లోని ఊరు అది. కాలేజీ చదువుకు హైదరాబాద్ వచ్చి నిజాం కాలేజీలో చేరారు. ఆ రోజుల్లో కృష్ణా జిల్లా బ్రిటిష్ పాలనలోని మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. హైదరాబాద్ నిజాం సంస్థానం. అంటే ఆ కుర్రాడు ఓ పాలన నుంచి మరో పాలనలోకి వచ్చి చదువుకున్నాడన్నమాట.

ఇక్కడో విచిత్రం ఉంది. అప్పట్లో హైదరాబాద్‌లో డిగ్రీ చదువుకు రెండు దారులుండేవి. ఒకటి నిజాం కాలేజీ. ఉన్నది నగరం నడిబొడ్డునే అయినా, అది మద్రాసు యూనివర్సిటీకి అనుబంధ కాలేజీ. పాఠాలు ఇంగ్లీషులో, పరీక్షలు మద్రాసువి. రెండోది ఉస్మానియా యూనివర్సిటీ. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ 1918లో స్థాపించిన ఈ యూనివర్సిటీలో చదువంతా ఉర్దూలోనే. చరిత్ర, తర్కమే కాదు.. లెక్కలు, ఫిజిక్స్, కెమిస్ట్రీ కూడా ఉర్దూలోనే చెప్పేవారు. ఒక భారతీయ భాషను యూనివర్సిటీ స్థాయిలో బోధనా భాషగా పెట్టడం దేశంలోనే ఓ పెద్ద సాహసం.

భగవంతం చదివింది మొదటి దారిలో. ఆయన తర్వాత నడిపించాల్సి వచ్చింది మాత్రం రెండో దారిలో మొదలైన యూనివర్సిటీని!

హైదరాబాద్ సైన్స్ చదువుకు స్కాట్లాండ్ లింక్

నిజాం కాలేజీ కథ వెనక్కి వెళితే స్కాట్లాండ్ దాకా పోతుంది. సరోజినీ నాయుడు తండ్రి అఘోరనాథ్ చటోపాధ్యాయ ఎడిన్‌బరో యూనివర్సిటీలో డాక్టర్ ఆఫ్ సైన్స్ పట్టా పుచ్చుకుని హైదరాబాద్ వచ్చారు. తర్వాతి కాలంలో నిజాం కాలేజీగా మారిన హైదరాబాద్ కాలేజీకి ఆయనే ప్రిన్సిపాల్.

స్కాట్లాండ్ పాత యూనివర్సిటీల్లో ఫిజిక్స్‌ను నేచురల్ ఫిలాసఫీ అని పిలిచేవారు. గ్లాస్గోలో విలియం థామ్సన్, అంటే మనం పాఠాల్లో చదివే లార్డ్ కెల్విన్, 1846 నుంచి 1899 వరకు, ఏకంగా 53 ఏళ్లు ఆ సబ్జెక్టు ప్రొఫెసర్‌గా ఉన్నారు. విద్యార్థులను ల్యాబ్‌లోకి తీసుకెళ్లి తన కొలతల పనిలో పెట్టడం ఆయన తెచ్చిన పెద్ద మార్పు. అంతకుముందు ప్రయోగమంటే మాస్టారు బల్ల మీద చేసి చూపిస్తే కుర్రాళ్లు దూరం నుంచి చూడటమే. ఈ రోజు మన ఇంటర్, డిగ్రీ పిల్లలు ప్రాక్టికల్స్ రికార్డు రాస్తున్నారంటే దాని వెనక ఇలాంటి ల్యాబ్‌ల చరిత్ర ఉంది.

అడిక్‌మెట్ క్యాంపస్‌కూ ఓ స్కాట్లాండ్ మనిషి ఉన్నారు. పట్టణ ప్రణాళికల్లో ప్రపంచ ప్రసిద్ధుడైన పాట్రిక్ గెడ్డిస్. ఉస్మానియా కోసం ఈ స్థలాన్ని ఎంపిక చేసే పనిలో ఆయన పాలుపంచుకున్నారు. 1934లో శంకుస్థాపన జరిగింది. బెల్జియం ఆర్కిటెక్ట్ జాస్పర్ గీసిన ఆర్ట్స్ కాలేజీ భవనం 1939లో ప్రారంభమైంది.

రామన్ ల్యాబ్‌లో ఆ నాలుగేళ్లు

మళ్లీ భగవంతం దగ్గరికి వద్దాం. నిజాం కాలేజీలో డిగ్రీ అయ్యాక 1928లో ఆయన కలకత్తా వెళ్లి సీవీ రామన్ దగ్గర చేరారు. ఆ ఏడాదికున్న ప్రాముఖ్యం తెలిసిందే. 1928 ఫిబ్రవరి 28న రామన్ ఎఫెక్ట్ బయటపడింది. మనం ఏటా నేషనల్ సైన్స్ డే జరుపుకునేది ఆ రోజునే.

రామన్ ఎఫెక్ట్ అంటే ఏంటంటే.. ఒకే రంగు కాంతిని ఏదైనా ద్రవం మీదికో స్ఫటికం మీదికో పంపితే, చెదిరి బయటికొచ్చే కాంతిలో చాలా కొద్ది భాగం రంగు మారుతుంది. ఆ మార్పు ఎంతో కొలిస్తే లోపలి అణువులు ఎలా కంపిస్తున్నాయో చెప్పేయొచ్చు. ఆ రోజుల్లో లేజర్లు లేవు, కంప్యూటర్లు లేవు. పాదరసం దీపం వెలిగించి, ఫొటో ప్లేటు పెట్టి, ఆ మసక గీతలు పడేదాకా గంటల తరబడి కూర్చోవాల్సిందే.

భగవంతం అక్కడ వజ్రం మీద పనిచేశారు. వజ్రంలో చెదిరిన కాంతిని ఫొటో ప్లేటు మీదికెక్కించి గీతలు కొలిచారు. 1931లో రామన్, భగవంతం కలిసి మరో పెద్ద ప్రశ్న పట్టుకున్నారు. కాంతి కణమైన ఫోటాన్‌కు స్పిన్ అనే గుణం ఉందా అన్నదే ఆ ప్రశ్న. చెదిరిన కాంతిని పరీక్షించి, ఉందనడానికి ఆధారాన్ని ప్రకటించారు. అప్పటికి భగవంతానికి 22 ఏళ్లు అటూ ఇటూ. అంతకు ముందు ఏడాదే గురువుకు నోబెల్ వచ్చింది.

వాల్తేరులో కొత్త డిపార్ట్‌మెంట్

1932లో భగవంతం ఆంధ్రా యూనివర్సిటీలో లెక్చరర్‌గా చేరారు. 1926లో పుట్టిన ఆ యూనివర్సిటీకి అప్పటికి ఆరేళ్లు. వైస్ ఛాన్సలర్ ఎవరో కాదు.. తర్వాత రాష్ట్రపతి అయిన సర్వేపల్లి రాధాకృష్ణన్. సైన్స్ కాలేజీకి జయపురం మహారాజా విక్రమదేవ వర్మ అండ. కాలేజీకి ఆయన పేరే పెట్టారు.

కొద్ది సంవత్సరాల్లోనే భగవంతం ప్రొఫెసర్ అయ్యారు, డిపార్ట్‌మెంట్ అధిపతి అయ్యారు. కలకత్తాలో ఉన్నంత పేరు, వసతులు వాల్తేరులో లేవు. మరి కొత్త చోట ఏం చేయాలి? ఆయన ఎంచుకున్న దారుల్లో ఒకదానికి పెద్ద యంత్రాలు అక్కర్లేదు. కాగితం, పెన్సిల్, లెక్క చాలు.

అది గ్రూప్ థియరీ. పేరు చూసి కంగారు పడక్కర్లేదు. వాకిట్లో నాలుగు వైపులా ఒకేలా ఉన్న ముగ్గు వేశారనుకోండి. దాన్ని పావు వంతు తిప్పి చూసినా మునుపటిలాగే కనిపిస్తుంది. దీన్నే సౌష్ఠవం అంటారు. ఉప్పు కల్లు, పటిక, వజ్రం.. ఏ స్ఫటికానికైనా లోపల ఇలాంటి సౌష్ఠవం ఉంటుంది. స్ఫటికాలన్నిటినీ ఈ లెక్కన 32 తరగతులుగా విడదీస్తారు. సౌష్ఠవం తెలిస్తే, ప్రయోగం చేయకముందే ఆ స్ఫటికం రామన్ ఫొటో ప్లేటు మీద ఎన్ని గీతలు పడేయగలదో లెక్కగట్టొచ్చు. భగవంతం, గణితం తెలిసిన టి. వెంకటరాయుడు కలిసి 1939లో ఈ పద్ధతిని ప్రచురించారు. 1948లో దీని మీద ఇద్దరూ కలిసి రాసిన పుస్తకాన్ని ఆంధ్రా యూనివర్సిటీ అచ్చేసింది.

అంటే చేతిలో ఖరీదైన సామాను లేనిచోట, ఉన్న సామానుతో ఏం వెతకాలో ముందే చెప్పే లెక్కను కుర్రాళ్లకు అందించారన్నమాట.

బాంబులు పడ్డ ఏడాదిలోనే..

1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం మీద బాంబులు వేశాయి. ఆ యుద్ధ కాలంలో ఆంధ్రా యూనివర్సిటీని గుంటూరుకు తరలించారు. మళ్లీ వాల్తేరు చేరింది 1946లో.

సరిగ్గా ఆ 1942లోనే భగవంతం పేరు నిలిచిపోయే పని ఒకటి అచ్చయింది. పారదర్శకమైన స్ఫటికాన్ని గట్టిగా నొక్కితే, దానిలోంచి కాంతి వెళ్లే తీరు మారుతుంది. ఆ మార్పును చెప్పడానికి ఏ తరగతి స్ఫటికానికి ఎన్ని స్థిరాంకాలు కావాలో జర్మనీ శాస్త్రవేత్త పోకెల్స్ 19వ శతాబ్దం చివర్లోనే పట్టిక వేశారు. దాదాపు అర్ధ శతాబ్దం పాటు అందరూ అదే వాడారు. భగవంతం గ్రూప్ థియరీతో లెక్క సరిచూస్తే కొన్ని తరగతుల దగ్గర పట్టిక తప్పని తేలింది. అంత పేరున్న పట్టికను సరిదిద్దింది మన తెలుగు ప్రొఫెసర్!

గురువు వాదన ఓడింది.. శిష్యుడి లెక్క నిలిచింది

ఇంకో సంగతి. జర్మనీ నుంచి వచ్చేయాల్సి వచ్చిన మహా శాస్త్రవేత్త మ్యాక్స్ బోర్న్ 1935–36లో బెంగళూరులో రామన్ దగ్గర కొన్నాళ్లు ఉన్నారు. 1936లో ఎడిన్‌బరో యూనివర్సిటీలో నేచురల్ ఫిలాసఫీ ప్రొఫెసర్‌గా వెళ్లారు. తర్వాత స్ఫటికంలోని అణువులు ఎలా కంపిస్తాయనే దాని మీద రామన్‌కూ బోర్న్‌కూ గట్టి వాదన నడిచింది. ఓ పక్క బెంగళూరు, మరో పక్క ఎడిన్‌బరో. చివరికి శాస్త్ర ప్రపంచం బోర్న్ వైపే మొగ్గింది.

వాదనలో ఎవరు గెలిచినా భగవంతం, వెంకటరాయుడు చూపిన లెక్క పద్ధతి మాత్రం చెక్కుచెదరలేదు. ఎందుకంటే అది సౌష్ఠవం మీద నిలబడింది. అందుకే ఆ తర్వాతా స్ఫటికాల రామన్ పరిశోధనల్లో వాళ్ల పేర్లు కనిపిస్తూ వచ్చాయి.

లండన్ నుంచి అడిక్‌మెట్‌కు..

స్వాతంత్ర్యం వచ్చాక 1948లో భగవంతం లండన్ వెళ్లారు. భారత ప్రభుత్వం తరఫున అక్కడ శాస్త్ర వ్యవహారాల అనుసంధాన అధికారిగా పనిచేశారు. 1949లో తిరిగొచ్చి ఉస్మానియాలో ఫిజిక్స్ ప్రొఫెసర్‌గా చేరారు.

ఆయన వచ్చిన సమయం చూడండి. 1948 సెప్టెంబర్ 17న హైదరాబాద్ సంస్థానం భారత్‌లో కలిసింది. మూడు దశాబ్దాలు ఉర్దూలో నడిచిన యూనివర్సిటీ ఇంగ్లీషుకు మారింది. ఒక్క జీవో కాగితంతో మారిపోయే విషయం కాదిది.

ఉర్దూలో సైన్స్ చెప్పడానికి ఉస్మానియా చాలా పెద్ద కసరత్తే చేసింది. అనువాదం కోసం దారుల్ తర్జుమా పేరుతో ప్రత్యేకంగా ఓ సంస్థ పెట్టారు. ఇంగ్లీషు పాఠ్య పుస్తకాలను వరసపెట్టి తర్జుమా చేయించారు. సైన్స్ మాటలకు ఉర్దూ పదాలు తయారు చేయించారు. ఫిజిక్స్‌ను తబీయాత్ అనేవారు. ఆ చదువు తక్కువేమీ కాదు. ఉస్మానియాలో చదివిన రజియుద్దీన్ సిద్దిఖీ జర్మనీలోని లైప్‌జిగ్‌లో హైజెన్‌బర్గ్ దగ్గర డాక్టరేట్ చేసి, ఉస్మానియాలోనే లెక్కల ప్రొఫెసర్ అయ్యారు. తర్వాత పాకిస్తాన్ వెళ్లి అక్కడ పెద్ద యూనివర్సిటీలు నడిపారు.

అయితే నాణేనికి రెండో వైపు కూడా ఉంది. హైదరాబాద్ సంస్థానంలో ఎక్కువమంది మాతృభాష ఉర్దూ కాదు. తెలుగు, మరాఠీ, కన్నడ మాట్లాడేవాళ్లే అధికం. వరంగల్ నుంచో, నల్గొండ నుంచో వచ్చిన తెలుగు కుర్రాడికి ఉర్దూ కూడా నేర్చుకున్న భాషే. ఇప్పుడు ఇంగ్లీషు రావడంతో ఉర్దూ మాధ్యమంలో పైకొచ్చిన కుర్రాడు ఇబ్బందిలో పడ్డాడు. తెలుగు ఇంట్లో పుట్టిన కుర్రాడికి ఒక పరాయి భాష పోయి ఇంకొకటి వచ్చింది. మంచి కూడా లేకపోలేదు. పరిశోధన పత్రికలు, కొత్త పుస్తకాలు, వేరే యూనివర్సిటీలతో రాకపోకలు అన్నీ ఇంగ్లీషులోనే ఉన్నాయి. ఆ తలుపులు ఒక్కసారిగా తెరుచుకున్నాయి.

ఈ మలుపులో డిపార్ట్‌మెంట్‌ను చేతుల్లోకి తీసుకున్న భగవంతం మాతృభాష తెలుగు. చదువు ఇంగ్లీషులో. వచ్చి చేరింది ఉర్దూ యూనివర్సిటీలో. వాల్తేరులో మొదలుపెట్టిన స్ఫటికాల పని, అల్ట్రాసోనిక్స్ అంటే చెవికి వినపడని శబ్ద తరంగాల పని ఆయనకు బాగా తెలిసిన దారులు. భాష ఏదైనా కొలత కొలతే కదా!

43 ఏళ్లకే వీసీ.. కుర్చీ మాత్రం ముళ్ల కుర్చీ

1952లో అలీ యావర్ జంగ్ తర్వాత భగవంతం ఉస్మానియా వైస్ ఛాన్సలర్ అయ్యారు. అప్పటికి వయసు 43 లోపే. ఆ ఏడాదే హైదరాబాద్‌లో ముల్కీ ఉద్యమం భగ్గుమంది. స్థానికుల ఉద్యోగాలు బయటివాళ్లకు పోతున్నాయంటూ విద్యార్థులు రోడ్డెక్కారు. సెప్టెంబర్‌లో సిటీ కాలేజీ దగ్గర కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. అలాంటి రోజుల్లో కృష్ణా జిల్లాలో పుట్టి, హైదరాబాద్‌లో చదువుకున్న మనిషి విద్యార్థుల యూనివర్సిటీకి పెద్ద అయ్యారంటే.. ఆ కుర్చీ ఎంత వేడిగా ఉండేదో ఊహించుకోవచ్చు.

1956 నవంబర్ 1న తెలంగాణ, ఆంధ్ర కలిసి ఆంధ్రప్రదేశ్ ఏర్పడినప్పుడు కూడా వీసీ ఆయనే. అదే ఏడాది క్యాంపస్ పక్కన తార్నాకలో ఉన్న పరిశోధన సంస్థ సీఎస్‌ఐఆర్ చేతికి వెళ్లింది. ఇప్పటి ఐఐసీటీ అదే. నిజాం కాలంలో 1944లో మొదలైన ల్యాబ్ అది. చుట్టూ ఇలా అన్నీ మారుతున్న అయిదేళ్లు యూనివర్సిటీ ఆయన చేతిలో ఉంది. 1957లో ఆ బాధ్యత డీఎస్ రెడ్డికి వెళ్లింది.

బెంగళూరు, ఆ తర్వాత ఢిల్లీ

1957లో భగవంతం బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ డైరెక్టర్ అయ్యారు. ఒకప్పుడు తన గురువు రామన్ డైరెక్టర్‌గా కూర్చున్న కుర్చీ అది. 1962లో ఆయన తర్వాత ఆ కుర్చీలోకి వచ్చింది సతీష్ ధావన్. శ్రీహరికోట అంతరిక్ష కేంద్రానికి పెట్టింది ఆయన పేరే.

1961లో డీఎస్ కొఠారీ తర్వాత రక్షణ మంత్రికి శాస్త్ర సలహాదారుగా భగవంతం వచ్చారు. ఆ మరుసటి ఏడాదే 1962 చైనా యుద్ధం. ఆ తర్వాత 1965 పాకిస్తాన్ యుద్ధం. దేశం సొంతంగా ఆయుధాలు తయారు చేసుకోవాలనే ఒత్తిడి పెరిగిన కాలం. క్షిపణుల పని చూసే డీఆర్‌డీఎల్, లోహాల పని చూసే డీఎంఆర్‌ఎల్ ల్యాబ్‌లు హైదరాబాద్‌లో వేళ్లూనుకున్నది ఆయన సలహాదారుగా ఉన్న ఆ ఏళ్లలోనే. 1969 వరకు ఆయన ఆ పదవిలో కొనసాగారు.

ఇంత హడావిడిలోనూ ఆయన స్ఫటికాలను వదల్లేదు. 1966లో స్ఫటికాల సౌష్ఠవం, వాటి గుణాల మీద ఆయన ఇంగ్లీషు పుస్తకం విదేశాల్లో వెలువడింది. ఫైళ్ల మధ్య కూర్చున్న మనిషి.. వాల్తేరులో పాతికేళ్ల కిందట పట్టుకున్న ప్రశ్ననే ఇంకా తవ్వుతున్నాడన్నమాట.

చివరి రోజుల్లో తెలుగు నుంచి ఇంగ్లీషుకు..

భగవంతం పుట్టపర్తి సత్యసాయిబాబాకు దగ్గరయ్యారు. బాబా తెలుగు ప్రసంగాలను సభల్లో అక్కడికక్కడే ఇంగ్లీషులో చెప్పేవారు. ఒక ఫిజిక్స్ ప్రొఫెసర్ ఇలా చేయడమేంటని విమర్శలూ వచ్చాయి. ఆయన నమ్మకాలతో ఏకీభవించేవాళ్లు, కానివాళ్లు ఇద్దరూ ఉన్నారు. ఒక్కటి మాత్రం గమనించాలి. తెలుగు మాటను నిలబడ్డచోటే ఇంగ్లీషులోకి మార్చగలిగేంత పట్టు ఆయనకు రెండు భాషల్లోనూ ఉంది. కానీ ఆయనకు పేరు తెచ్చిన ఫిజిక్స్ పుస్తకాలన్నీ ఇంగ్లీషులోనే ఉన్నాయి.

అది ఆయన ఒక్కరి తప్పు అనలేం. ఆ కాలంలో తెలుగులో డిగ్రీ స్థాయి ఫిజిక్స్‌కు చోటెక్కడ? తెలుగులో పాఠ్య పుస్తకాలు తేవడానికి తెలుగు అకాడమీ పుట్టిందే 1968లో. అంటే ఉస్మానియా ఉర్దూలో మొదలుపెట్టిన సరిగ్గా 50 ఏళ్లకు! 1989లో భగవంతం కన్నుమూశారు.

ఇప్పుడు మనకెందుకీ కథ?

ఈ రోజుకీ పల్లె నుంచి ఉస్మానియాకు వచ్చిన తెలుగు మీడియం విద్యార్థికి మొదటి సెమిస్టర్‌లో ఫిజిక్స్ కన్నా ఇంగ్లీషే పెద్ద పరీక్ష. భగవంతం అడిక్‌మెట్‌కు వచ్చిన 1949లో ఉర్దూ మీడియం కుర్రాడు ఎదుర్కొన్న కష్టమూ అలాంటిదే. భాష మారినప్పుడల్లా ఓ తలుపు తెరుచుకుంటుంది, ఇంకో తలుపు మూసుకుపోతుంది. తెరుచుకున్న తలుపులోంచి వెళ్లి ప్రపంచం వాడే పట్టికనే సరిదిద్దిన మనిషి భగవంతం. మరి మూసుకుపోయిన తలుపు దగ్గర ఆగిపోయినవాళ్లెవరో లెక్క కూడా లేదు. అందుకే ఆయన్ని చూసి గర్వపడటం ఎంత అవసరమో.. వాళ్ల గురించి ఆలోచించడమూ అంతే అవసరం.

ఈసారి ఆర్ట్స్ కాలేజీ ముందు ఫొటో దిగినప్పుడు సైన్స్ కాలేజీ వైపు కూడా ఓసారి చూడండి. ముగ్గును పావు వంతు తిప్పినా అలాగే ఉంటుందనే చిన్న విషయం నుంచి అంత పెద్ద లెక్క తీసిన తెలుగు ప్రొఫెసర్ ఒకప్పుడు ఈ యూనివర్సిటీలోనే పాఠం చెప్పారు. ఆ ముగ్గు ఉదాహరణతో ఆ పాఠం తెలుగులోనూ చెప్పొచ్చు. చెప్పేవాళ్లే కావాలి.